సాక్షి గాజు

లూకన్, డబ్లిన్
4 మార్చి 2017

ధరణమ్మకు,

క్షేమంగా చేరానని ఫోన్లో చెప్పావు, సంతోషం. కానీ ఫోన్లో చెప్పింది చెప్పినట్టు కాదని నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. పురావస్తు శాఖలో ముప్పై నాలుగేళ్లు సున్నం మేస్త్రిగా చేసినవాణ్ని. కాగితం మీద లేనిది జరగనట్టే. పైగా ఈ ఇంట్లో కింద దగ్గితే పై గదిలో "ఏమైంది" అని అడుగుతారు. గోడలకు చెవులుంటాయంటారు, ఇక్కడ అసలు గోడలే లేవు. లోపలివన్నీ అట్టలు. వేలితో కొడితే డప్పులా మోగుతాయి. కాబట్టి నువ్వూ ఉత్తరమే రాయి.

నా కూతురు, అదే మీ శాంత వదిన, అల్లుడు నరసింహ ఇద్దరూ పొద్దున ఏడింటికల్లా బస్సెక్కి డాక్‌ల్యాండ్స్‌లో వాళ్ల ఆఫీసులకు పోతారు. ఒకసారి నన్నూ తీసుకుపోయి చూపించారు. కాలవ ఒడ్డున నెలకో అద్దాల మేడ లేస్తోంది, ఒక్కదానికీ ఇటుక లేదు. నీలిమను బడికి దింపడం, తేవడం నా డ్యూటీ. "ఎట్లుండావే తల్లీ" అని మనవరాలిని అడిగితే "అయామ్ గ్రాండ్, తాతా" అంటుంది. బాగున్నానని ఇక్కడ అట్లా అంటారు. నేను నీకంటే గ్రాండ్ అంటాను. వాన మాత్రం ఆగదు.

అసలు సంగతి. వీళ్లు ఈ ఇల్లు అమ్ముతున్నారు. పదకొండేళ్ల కిందట జనం ఎగబడి కొంటున్నప్పుడు వీళ్లూ కొన్నారు. మరుసటేడే ధరలు కూలాయి. అప్పటి నుంచి అమ్మలేక, కదల్లేక, కుడితిలో పడ్డ ఎలుకల్లా కొట్టుకుంటున్నారు. ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలు పెరిగి ఇళ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. బయటపడటానికి ఇదే అదను అంటాడు అల్లుడు.

కొనడానికి వస్తున్నది ఎవరనుకున్నావు? శామ్యూల్! మన ఆమోసు కొడుకు. గండికోట ధాన్యం కొట్టు బాగుచేసినప్పటి నుంచి నా దగ్గర పద్దెనిమిదేళ్లు సున్నం కలిపాడే, ఆ ఆమోసు. శామ్యూల్ భార్య సువార్త లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో నర్సు. వాడికిప్పుడు డాక్‌ల్యాండ్స్‌లో ఉద్యోగం దొరికింది. ఇల్లు చూడ్డానికొచ్చి, నన్ను చూసి నా కాళ్లకు మొక్కబోయాడు. ఆమోసు పోయి ఆరేళ్లయింది. కొడుక్కి అచ్చం వాడి ముక్కే, వాడి నడకే.

పాత కట్టడాల చదువుకు నువ్వు పోయిన ఊరు ఎట్లా ఉంది? గోడల గురించి రాయి. చలి గురించి అందరూ రాస్తారు.

మామ
తిరుపతయ్య


తోరూన్, పోలండ్
19 మార్చి

మామా,

కాగితం మీద లేనిది జరగనట్టే అన్నావు కాబట్టి మళ్లీ రాస్తున్నాను: నేను క్షేమంగా చేరాను.

ముందు ఊరు. నది పేరు విస్తులా, ఇక్కడివాళ్లు విస్వా అంటారు. మన పెన్నలాగా ఇసకలో దాక్కునే రకం కాదు. నిండుగా, బూడిద రంగులో, ఏ తొందరా లేకుండా పోతుంది. వంతెన దాటి అవతలి ఒడ్డున నిలబడితే ఊరంతా ఒక్క వరసలో కనబడుతుంది. నీళ్ల పక్కనే కోట గోడ. పడవల్లో వచ్చిన సరుకు లోపలికి తేవడానికి గోడలో దర్వాజాలు. వెనక ధాన్యం కొట్లు, వాటికి పైన ఎత్తుగా చర్చిలు. అన్నీ ఇటుకే మామా! రాయి దొరకని నేల కాబట్టి మట్టినే కాల్చుకుని ఏడు వందల ఏళ్ల కిందట మొదలుపెట్టారు. భూమి తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

ఇక్కడొక కోట ఉండేది, శిలువ పేరు చెప్పుకుని ఏలిన యోధులది. వాళ్లను భరించలేక ఊరివాళ్లే తిరగబడి ఆ కోటను పడగొట్టారు. ఒక్క బురుజు మాత్రం చెక్కు చెదరకుండా మిగిలింది. అదేమిటో చెప్పుకో? యోధుల మరుగుదొడ్డి.

ఇంకో బురుజు ఉంది, ఒరిగిన బురుజు. కింద నేల మెత్తన కావడంతో ఒక పక్కకు దిగి, పైభాగం ఒకటిన్నర మీటరు దాకా వాలింది. దానికి వీపూ మడమలూ ఆనించి, చేతులు ముందుకు చాచి నిలబడాలి. పాపం లేనివాళ్లు నిలబడతారట, ఉన్నవాళ్లు ముందుకు తూలతారట. నేను మూడు లెక్కపెట్టేలోపే పడ్డాను. మా గురువు హాలీనా గారు నవ్వి, "అందరూ పడతారమ్మా, అందుకే ఈ ఊళ్లో ఎవరినీ ఎవరూ ఏమీ అనరు" అన్నారు.

నాకు అప్పగించింది నది వైపున్న ఒక పాత ధాన్యం కొట్టు. తలుపు పైన పగులుంది. దాని మీద ఏముందనుకున్నావు? సాక్షి గాజు! అచ్చం మనలాగే. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలక, రెండు కొసలా సున్నం ముద్ద, మీద తేదీ. గోడ కదిలితే గాజు పగులుతుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గండికోటలో నువ్వు అతికిస్తుంటే ఆమోసు మామ గాజు పట్టుకునేవాడు. ముద్ద కింద దాగిపోయే కొసన మేకుతో చిన్న శిలువ గీసేవాడు. "అతికించినోడు ఒకడు, పట్టుకున్నోడు ఒకడు. ఇద్దరుంటేనే సాక్షి" అనేవాడు. ఇక్కడి గాజు మీద ఆ గుర్తు ఉండదు కదా అనుకున్నాను.

శామ్యూల్ అన్నను అడిగానని చెప్పు.

నీ ధరణి


లూకన్
2 ఏప్రిల్

ధరణీ,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మరుగుదొడ్డి దగ్గర నవ్వు ఆగక పొలమారింది. శాంత పరిగెత్తుకొచ్చి "ఏమాయ నాయనా, జీపీ డాక్టరు దగ్గరికి పోదామా" అంటుంది. ఏది గట్టిగా కట్టుకోవాలో ఆ యోధులకు బాగా తెలుసు.

కానీ ఇటుకల కొలతలేవి? పొడవెంత, వెడల్పెంత, మందమెంత? వట్టి "ఇటుక" అని రాస్తే నాకేం తెలుస్తుంది? నువ్వు పంపించిన మీ ఊరి తేనె బిళ్లల పొట్లం అందింది. అల్లం, లవంగం ఘాటు బాగుంది. పళ్లున్నవాళ్లు తినాల్సినవి.

చిత్రం చూడు, నీ ఉత్తరం రాకముందే నేనూ ఊరుకోలేక ఇక్కడ ఒకచోట సాక్షి గాజు పెట్టాను, మార్చి పద్దెనిమిదిన. సున్నం దొరక్క ప్లాస్టర్‌తో అతికించాను. ఆమోసు లేడు కాబట్టి వాడి శిలువ కూడా నేనే గీశాను. ఎక్కడ అని అడగొద్దు.

ఇప్పుడు నీకో పరీక్ష, గండికోటలో పెట్టినట్టే. ఒక గోడ ఉందనుకో. తలుపు పైమూల నుంచి పగులు మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయింది. కింద వెంట్రుకంత, పైన రూపాయి బిళ్ల దూరేంత. నేల మధ్యలో వేలెడంత పైకి లేచింది. తలుపు మూస్తే ఈడుస్తుంది. ఆ కప్పు కింద మనుషులు కాపురం చేయొచ్చా, చేయకూడదా? నీ కొట్టు గోడలాంటిదే అనుకుని చెప్పు. హాలీనా గారిని కూడా అడుగు. ఆలస్యం చేయకు.

మామ


తోరూన్
20 ఏప్రిల్

పరీక్షాధికారి మామకు,

నీ పరీక్ష అంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ముందు ఒక మాట. లూకన్‌లో పాత రాతి వంతెన ఉందని విన్నాను, నీ గాజు దానిమీదే పెట్టి ఉంటావు. అడక్కుండా అలాంటివి అంటిస్తే అక్కడి పోలీసులు పట్టుకుపోతారు. అక్కడికొచ్చి నిన్ను విడిపించే ఓపిక నాకు లేదు.

జవాబు: కాపురం చేయొచ్చు. నిశ్చింతగా, పిల్లాపాపలతో సహా. సున్నంతో కట్టిన గోడ ముసలివాడిలాంటిది, నడుం వంగుతుంది గానీ విరగదు అని నువ్వే చెప్పావు. అది ఎప్పుడో కదిలి ఎప్పుడో సర్దుకున్న పగులు. నేల లేచిందన్నావు, అది నది చెమ్మ. గాజు నిలబడినంత కాలం భయపడక్కర్లేదు. హాలీనా గారు కూడా అదే అన్నారు. భయపడేది మనమే గానీ గోడ కాదట. నాకు మార్కులు వెయ్యి.

ఈస్టర్ నాడు సెయింట్ జాన్ చర్చి పెద్ద గంట మోగింది. ఏడు టన్నుల గంట మామా, ఐదు వందల ఏళ్లది! కాళ్ల కింద నేల వణికింది. నా గాజుకు ఏమైందోనని కొట్టు దగ్గరికి ఉరికాను. చెక్కు చెదరలేదు.

ఒరిగిన బురుజుకు ఒక కథ ఉందట. ఒక యోధుడు వ్యాపారి కూతురిని ప్రేమించి, ఇచ్చిన మాట తప్పాడట. నీ నడత ఎంత వంకరో అంత వంకర బురుజు నీ చేత్తోనే కట్టు అని శిక్ష వేశారట. ఇది అబద్ధమే అయ్యుంటుంది, కానీ పిల్లలందరికీ ఇదే చెబుతారు.

ధరణి


లూకన్
8 మే

బంగారు తల్లికి,

నూటికి నూరు మార్కులు! ఇన్నాళ్లకు కడుపునిండా అన్నం తిన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను. ఆ గోడ నీ కొట్టుదీ కాదు, వంతెనదీ కాదు. మన శాంత ఇంటిదే. మెట్ల కింద కోట్లు తగిలించే ప్రెస్ ఉంది, ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు. దాని వెనక ఉన్న సిమెంటు దిమ్మెల గోడకు ఆ పగులు. హాల్లో కూడా ఉండేది, అల్లుడు పూడ్చి రంగు వేయించాడు. "మనోళ్లకెవరికీ రాయొద్దు నాయనా, అమ్మకం చెడుతుంది" అని శాంత నా చేత ఒట్టు వేయించుకుంది. కూతురు ఏడుస్తూ అడిగితే ఎవడు కాదంటాడు? అందుకే నీకు పరీక్షలా రాశాను. ఇక ఒట్టుకు పనిలేదు కాబట్టి విప్పుతున్నాను.

శామ్యూల్ తరఫున ఇల్లు పరీక్షించే సర్వేయర్ వచ్చిపోయాడు. చిన్న పగుళ్లున్నాయి, కావాలంటే నేల తొలిచి పరీక్ష చేయించుకోండి అని రాశాడు. మొన్న ఆదివారం శామ్యూల్ ఆ కాగితం పట్టుకుని నా దగ్గర కూర్చున్నాడు.

"ఇదంతా నాకేం తెలుసు మేస్త్రయ్యా. మా నాయన పద్దెనిమిదేండ్లు నీ మాట మీద పరంజా ఎక్కినాడు. నువ్వు బాగుందంటే బాగున్నట్టే. తొలిపించాల్నా, వద్దా?"

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. గాజు కూడా చూసుకున్నాను, ఏడు వారాలకూ నిలబడే ఉంది. "వద్దులే నాయనా, ఏం పర్వాలేదు" అన్నాను. వాడి మొహం విప్పారింది. అప్పటికప్పుడు సువార్తకు ఫోన్ చేసి చెప్పాడు.

జూన్ రెండున సంతకాలు. శాంత నిన్న పాట పాడుతూ గిన్నెలు కడిగింది. ఎన్నేళ్లయిందో అది పాడగా విని.

మామ


తోరూన్
15 మే

మామా,

ఎంత పని చేశావు!

నీ ఉత్తరం చూసి వెంటనే ఫోన్ చేశాను. వదిన ఎత్తి "నాయన పండుకున్నాడు" అంది. పొద్దున పదకొండింటికా? వదినతో ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను. అందుకే ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను.

నేను జవాబు రాసింది మూడు మూరల మందపు ఇటుక గోడకు, సున్నంతో కట్టిన గోడకు. నువ్వు అడిగింది సిమెంటు దిమ్మెల ఇంటి గురించి. సిమెంటు వంగదు మామా, పగులుతుంది. ఆ ఇంటి నేల కింద పోసింది కంకర. ఆ రోజుల్లో డబ్లిన్ చుట్టుపక్కల కట్టిన కొన్ని ఇళ్ల కింద కంకరలో పైరైట్ అనే ఖనిజం ఉండేదట. గాలి, చెమ్మ తగిలితే అది ఉబ్బి నేలను పైకి తోస్తుందట. నేల లేచింది అన్న నీ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మార్కుల కోసం గబగబా రాసేశాను. అది నా తప్పు.

నీ తప్పు నీకుంది. ముప్పై నాలుగేళ్లు సున్నం చూసిన కంటితో సిమెంటు గోడను చూసి మాట ఇచ్చావు. అదీ నా ఉత్తరం అడ్డం పెట్టుకుని! ఆ ఇల్లు నిజంగా అట్లాంటిదో కాదో నాకు తెలియదు. నీకూ తెలియదు. తెలియనప్పుడు తొలిచి చూడాల్సిందే. జూన్ రెండు లోపల శామ్యూల్ అన్నకు చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను.

ధరణి


లూకన్
21 మే

ధరణికి,

నాకు పాఠం చెప్పేంత దానివయ్యావు. సంతోషం.

నీకు నిచ్చెన పట్టుకోవడం నేర్పింది నేను. నా గాజు ఇవ్వాళ్టికి తొమ్మిది వారాలుగా నిలబడి ఉంది. నేల ఉబ్బుతూ ఉంటే అది నిలబడుతుందా? నీ పుస్తకం చెప్పిన కంకర నిజమా, నా కళ్లముందున్న గాజు నిజమా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటాడు మామ అనుకుంటావేమో, అనుకో.

ఈ అమ్మకం ఆగితే శాంత ఏమైపోతుందో నీకు తెలియదు. నేను రోజూ చూస్తున్నాను.

సంతకాల రోజున ఆ గాజునే ఊడదీసి శామ్యూల్ చేతిలో పెడతాను. వాళ్ల నాయన గుర్తు ఉన్న గాజు. కొత్తింట్లో దాచుకుంటాడు.

తిరుపతయ్య


లెటర్‌కెన్నీ
27 మే

అమ్మా ధరణీ,

ఊరి పేరు చూశావు కదా. నేను శామ్యూల్ వాళ్ల అద్దె ఇంట్లో ఉన్నాను. మూడు రోజులైంది.

నీకు కోపంగా రాశాక రెండు రోజులు మనసు మనసులో లేదు. మంగళవారం నీలిమను బడిలో దింపి వచ్చి, ప్రెస్‌లో కోట్లన్నీ తీసి, గాజును కత్తితో మెల్లగా ఊడదీశాను. ఎలాగూ ఇవ్వాల్సిందే కదా, తుడిచి పెడదాం అనుకున్నాను. తేదీ నా రాతలాగే ఉంది, పద్దెనిమిది మూడు. కొసన ముద్ద రాల్చి చూశాను. శుభ్రంగా ఉంది. రెండో కొస కూడా చూశాను. శిలువ లేదు. కళ్లద్దాలు తుడుచుకుని కిటికీ దగ్గర వెలుగులో చూశాను. లేదు. అంటే ఇది నేను పెట్టిన గాజు కాదు.

ఆ రోజు శాంత ఇంటి నుంచే పనిచేస్తోంది. గాజు తీసుకుపోయి దాని కంప్యూటర్ పక్కన పెట్టాను.

"ఎప్పుడు పగిలిందే?"

అది గాజు వైపు చూసింది, నా వైపు చూడలేదు. "ఏప్రిల్ తొమ్మిదిన. నువ్వు పాపను పార్కుకు తీస్కపోయినప్పుడు."

"మీ ఆయనకు తెలుసా?"

"తెల్దు. నేనే పెట్టినా. ఫోటో ఫ్రేము గాజు కోసి పెట్టినా. నువ్వు చేస్తాంటే చూసి నేర్చుకున్న పనే కదా నాయనా."

నేను గాజును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. అదే మాట్లాడింది. "పదకొండేండ్లు. ఇంకో బిడ్డను కందామన్నా ధైర్యం లేకపాయె. యాడికన్నా పోదామన్నా ఈ ఇల్లు కాలికి కట్టేసినట్టు ఉండె. ఒక్క సంతకం నాయనా, ఒక్కటే. వాళ్లకేమయితాది, వాళ్లు వయసులో ఉండారు, బాగు చేయించుకుంటారు. నీకు నీ కూతురి కంటే ఆమోసు కొడుకు ఎక్కువా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు ధరణీ. పడింది. నా కూతురి కంటే ఆమోసు కొడుకు ఎక్కువ కాదు. ఎక్కువ కాదనే మూడు నెలలు నోరు మూసుకున్నాను. మరునాడు పొద్దున్నే బిడ్డను బడిలో దింపి, అటునుంచి అటే లెటర్‌కెన్నీ బస్సెక్కాను. నాలుగు గంటల ప్రయాణం. చెప్పి రాలేదు, చెబితే రాలేను.

శామ్యూల్ ఆసుపత్రి గేటు దగ్గర సువార్త డ్యూటీ దిగడం కోసం నిలబడి ఉన్నాడు. అక్కడే, వానలో, గాజు వాడి చేతిలో పెట్టి అంతా చెప్పాను. వాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"మా నాయన గుర్తు యాడ మేస్త్రయ్యా?"

"అది పగిలినదాంతో పోయింది. ఈ గాజు అబద్ధం రా."

"మరి పర్వాలేదని నువ్వు అన్న మాట?"

"అది అబద్ధం కాదు. తెలియక అన్నది. కానీ తెలియనోడు అనకూడదు."

వాడు గాజును కోటు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత "ఇంటికి పోదాం పా, తడిసిపోతాండావు" అన్నాడు. ఈ అద్దె ఇంటి లీజు జూన్ ఆఖరుతో అయిపోతుందట. డబ్లిన్‌లో అద్దెకు ఇళ్లు దొరకడం లేదట. నాకు చెప్పలేదు, గోడ అవతల సువార్తతో అంటుంటే విన్నాను. ఆ పిల్ల అన్నం వడ్డించి "తినండి అయ్యగారూ" అంది.

శాంత ఫోన్ ఎత్తడం లేదు. నరసింహ ఎత్తి, "యాడుండావు మామా" అని అడిగాడు. చెప్పాను. ఎందుకు అని అడిగాడు. అదీ చెప్పాను. పెట్టేశాడు.

నీ యోధుడి కథ అబద్ధమే అన్నావు. నాకు మాత్రం నిజమైంది. నా వంకర నా చేత్తోనే కట్టాను. తొలిచి చూడకముందే మాట ఇచ్చాను. నీ మీద అరిచినందుకు ఏమనుకోవద్దు తల్లీ.

మామ


తోరూన్
5 జూన్

మామా,

నీ ఉత్తరం చదివి తిన్నగా ఒరిగిన బురుజు దగ్గరికి పోయాను. ఈసారి నీ పేరు చెప్పుకుని నిలబడ్డాను. పడ్డాను. తర్వాత వదిన పేరు చెప్పుకుని నిలబడి, అప్పుడూ పడ్డాను. పక్కన ఎవరో చప్పట్లు కొట్టారు. ఏడుపొచ్చింది.

వదిన మీద నాకు కోపం రావడం లేదు. రావాలి కదా? నువ్వు గోడలు చూసినప్పుడల్లా నిచ్చెన కింద నాతోపాటు నిలబడింది వదినే. నేను చదువుకు వాడుకున్న పనిని తను దీనికి వాడుకుంది.

ఉండలేకపోతే నా దగ్గరికి వచ్చెయ్యి. కానీ ముందు లూకన్ వెళ్లు. నువ్వు వెళ్లకపోతే వదిన నిన్ను పిలవదు. ఇద్దరిదీ ఒకే మొండితనం.

కొట్టులో ఇంకో పగులు బయటపడితే నిన్న కొత్త గాజు పెట్టాం. హాలీనా గారు అతికించారు, నేను పట్టుకున్నాను. కొసన చిన్న శిలువ గీశాను. అదెవరిది అని అడిగారు. సాక్షిది అన్నాను.

ఇటుక పొడవు ముప్పై సెంటీమీటర్లు, వెడల్పు పద్నాలుగు, మందం తొమ్మిది. ఆలస్యమైంది, క్షమించు.

ధరణి


లూకన్
4 జూలై

ధరణీ,

కొలతలు అందాయి. మన పెన్నేటి పాత ఇటుక కంటే మందం ఎక్కువే.

నువ్వు చెప్పినట్టే వచ్చాను, శామ్యూల్ కారులో దింపాడు. వాడు లోపలికి రాలేదు. వాళ్లు ఇల్లు వద్దనుకున్నారు. శామ్యూల్ డబ్లిన్‌లో ఎవరింట్లోనో ఒక గదిలో సర్దుకుంటున్నాడు, సువార్త ఇంకో నెల లెటర్‌కెన్నీలోనే ఉండాల్సొచ్చింది. ఇది నావల్లే, ముందే చెప్పి ఉంటే వేరే ఇల్లు చూసుకునేవాళ్లు.

తలుపు శాంతే తీసింది. వారం రోజులు కంచం నా ముందు పెట్టి పోయేది. నరసింహ మాత్రం ఒకరోజు, "నాకు ఒక మాట చెప్పి పోయింటే బాగుండు మామా" అన్నాడు. తర్వాత వాడే ఎవరికో ఫోన్ చేసి నేల తొలిచేవాళ్లను పిలిచాడు. ఆగస్టులో వస్తారట. ఆ రోజు నుంచి వాడూ శాంతా కూడా పెద్దగా మాట్లాడుకోవడం లేదు. ఏమవుతుందో తెలియదు. ఈ పరీక్షకు జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గరా లేదు.

జూన్ పదిహేడు, శనివారం. నేను కిటికీ దగ్గర కూర్చుని ఉంటే శాంత ఒక గిన్నెలో ప్లాస్టర్ కలుపుకుని వచ్చింది. రెండో చేతిలో గాజు పలక. "అతికించు నాయనా, నేను పట్టుకుంటా" అంది. ఇద్దరం ప్రెస్‌లోకి దూరాం. తేదీ గీశాను. ముద్ద పెట్టబోయే ముందు ఆగి, మేకు దానికి ఇచ్చాను. కొసన ఏదో గీసింది. ఏం గీసిందో నేను చూడలేదు. పట్టుకున్నవాళ్ల గుర్తు వాళ్ల సొంతం.

నిన్న పొద్దున నీలిమ కోటు కోసం ప్రెస్ తెరిచాను. గాజు నిలువునా పగిలి ఉంది.

శాంతను పిలిచాను. వచ్చి చూసింది. ముక్కలను ముట్టుకోలేదు. జేబులోంచి పెన్సిల్ తీసి, గోడ మీద గాజు పక్కనే అది పగిలిన తేదీ రాసి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

మామ
తిరుపతయ్య